కదిలించే బలం, ఆపే బలం

నాతవరంలో మంచు కురవదు. తాండవ జలాశయం మీదుగా వీచే చలిగాలికే శాలువా కప్పుకొనేవాళ్లం మేము. అటువంటి మమ్మల్ని, అమెరికాలోని మిషిగన్‌లో కాపురముంటున్న మా అమ్మాయి గత చలికాలంలో ఫోనులో ఒక సలహా అడిగింది.

“అబ్బాజాన్, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే సుబారు లెగసీ కారు ఒకటి, వాడినది, అమ్మకానికి వచ్చింది. పిల్లలతో మంచులో తిరగాలి కదా, తీసుకోమంటారా?”

వడ్డీ అప్పు జోలికి పోకుండా దంపతులిద్దరూ కూడబెట్టుకున్న సొమ్ము అది. ఒకసారి ఖర్చయితే మళ్లీ సమకూరడానికి ఏళ్లు పడుతుంది. కనుక తొందరపడి జవాబు చెప్పలేదు. అల్లుడు పంపిన వివరాలన్నీ ఓపికగా చదివాము.

ఆ కారులో మంచి గుణాలు లేకపోలేదు. చాలా కార్లలో ముందు రెండు చక్రాలకే బలం అందుతుంది. అవి జారితే బండి అక్కడే నిలిచిపోతుంది. ఇందులో రెండు జారినా తక్కిన రెండూ నెడతాయి. వెనుక సీటు విశాలమైనది. ఎత్తైన జీపుల కంటే నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో నిలకడ ఎక్కువ.

లోపాలూ ఉన్నాయి. అదనపు యంత్రభాగాల వల్ల బరువు, మరమ్మతు ఖర్చు పెరుగుతాయి. 2.5 లీటర్ల ఇంజనుతో వచ్చిన ఇటీవలి మోడళ్లు గాలనుకు సగటున 30 మైళ్లు, అంటే లీటరుకు 13 కిలోమీటర్ల లోపు నడుస్తాయి. లోతైన మంచులో కారు అడుగుభాగం ఆనుకుంటుంది. నాలుగు టైర్లూ ఒకే తీరున అరిగి ఉండాలి; ఒకటి పాడైతే ఒక్కోసారి నాలుగూ మార్చవలసి వస్తుంది. పైగా 2025 మోడల్‌తో ఈ కారును ఆపివేస్తున్నట్లు కంపెనీ 2024లోనే ప్రకటించింది.

ఇంతవరకు లెక్క తేలలేదు. అప్పుడు మాకు చింతపల్లి ఘాట్ రోడ్డు గుర్తుకు వచ్చింది. చాలా ఏళ్ల క్రితం, ముసురు పట్టిన రోజున, నర్సీపట్నం నుంచి ఒక జీపులో వెళ్లాము. నాలుగు చక్రాలూ లాగే బండి. బురదలోనూ అవలీలగా కొండెక్కింది. డ్రైవరుకు ధైర్యం పెరిగింది. తిరుగు ప్రయాణంలో, దిగుడు మలుపులో బ్రేకు వేస్తే బండి ఆగలేదు. అరిగిన టైర్లు జారి పిట్టగోడను గుద్దుకున్నాము. అల్లాహ్ దయవల్ల అందరమూ ప్రాణాలతో బయటపడ్డాము.

ఆనాడు తెలిసింది ఒక్కటే. నాలుగు చక్రాల బలం బండిని కదిలిస్తుంది; ఆపదు. బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆపేటప్పుడు నేలను పట్టుకునేది టైరు మాత్రమే.

మర్నాడు మా అమ్మాయిని అడిగాము: “బేటీ, నీ భయం బండి కదలదనా, ఆగదనా?”

కొంతసేపు మౌనం.

“ఆగదనే, అబ్బాజాన్. మాది చదునైన ఊరు. రోడ్డు మీద మంచును ఎప్పటికప్పుడు తీసేస్తారు. కదలడానికి ఇబ్బంది లేదు. కానీ పోయిన నెల సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే కారు జారి ముందుకు వెళ్లిపోయింది. వెనుక పిల్లలున్నారు. మీరు బెంగపడతారని చెప్పలేదు.”

ఆ మాటతో లెక్క తేలింది. ఉన్న కారుకే నాలుగు శీతాకాలపు టైర్లు వేయించమన్నాము. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గినప్పుడు మామూలు టైర్ల రబ్బరు గట్టిపడుతుంది; వీటి రబ్బరు మెత్తగానే ఉండి నేలను పట్టుకుంటుంది. ఏటవాలు వీధిలో, మంచు తీయని చోట కాపురముండే కుటుంబానికైతే ఆ కారే కొనమని చెప్పేవాళ్లం.

టైర్లు పోను మిగిలిన సొమ్ము భద్రంగా ఉంది. ఇప్పుడు మా అమ్మాయి ముందు బండికి ఎక్కువ దూరం విడిచి, నెమ్మదిగా నడుపుతోంది. మంచు కురిసిన రోజున ఇల్లు చేరగానే ఫోను చేస్తుంది. ఆ ఫోను వచ్చేదాకా ఇక్కడ మేము నిద్రపోము.