ఇంగ్లీషులో మన విభక్తులు

మా హాస్టల్ గదిలో మేము తెలుగు, తండాల నుంచి వచ్చిన మిత్రులు లంబాడీ మాట్లాడేవాళ్ళం. మేడ్చల్ బజారుకు వెళితే ఉర్దూ. మూడింటికీ ఒక పోలిక ఉంది. ‘ఇంట్లో’ అన్నా, ‘ఘర్ మే’ అన్నా ఇల్లు ముందు, ‘లో’ వెనక. లంబాడీలోనూ అంతే. ఇంగ్లీషు మాత్రం దాన్ని ముందుకు తెచ్చి ‘ఇన్ ద హౌస్’ అంటుంది. అయితే మమ్మల్ని తిప్పలు పెట్టింది అది కాదు. మన ఒక్క ‘లో’కు అక్కడ నాలుగు మాటలుండటం.

మేడ్చల్‌లో ఉంటున్నామంటే ‘ఇన్ మేడ్చల్’. రైలు మేడ్చల్‌లో ఆగిందంటే ‘ఎట్ మేడ్చల్’, దారిలో అదొక చుక్క కనుక. షామీర్‌పేటకు ఆటోలో వెళితే ‘ఇన్ ఏన్ ఆటో’, బస్సులో అయితే ‘ఆన్ ద బస్’. లేచి నడవగలిగే బండికి ‘ఆన్’ అని గుర్తు. మన రూటు బస్సులో నడిచే చోటెక్కడిదని మావాళ్ళు నవ్వేవారు! దేనిమీద వచ్చామో మాత్రమే చెప్పాలంటే ‘బై బస్’. షామీర్‌పేట చెరువు మీద కొంగలు ఎగిరితే ‘ఓవర్’, బాతులు తేలితే ‘ఆన్’.

ఇవి తప్పినా అర్థం పోదు. పోయేది వేరే. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో మా మిత్రుడు తన ప్రాజెక్టు వివరిస్తూ ‘వుయ్ డిస్కస్డ్ ఎబౌట్ ద ప్రాబ్లం’ అన్నాడు. అడిగే ఆయన అక్కడే ఆపి, నవ్వి, ‘మీది తెలుగు మీడియమా?’ అన్నాడట. ప్రాజెక్టు సంగతి మళ్ళీ అడగనే లేదు. ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు లేని మాకు ఆ నవ్వు బాగా తెలుసు. కానీ ఆ ‘ఎబౌట్’ అజ్ఞానం కాదు. ‘సమస్య గురించి చర్చించాం’ అని చక్కని తెలుగు వచ్చినవాడే అలా అంటాడు. బడిలో వల్లెవేసింది తలచుకోండి: నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి. ‘ను’, ‘గురించి’ ఒకే ఇంటివి. డిస్కస్‌కు ఆ ‘ను’ చాలు. సమస్యను చర్చించాం, ‘డిస్కస్డ్ ద ప్రాబ్లం’. టాక్‌కైతే ‘ఎబౌట్’ కావాలి. రీచ్, ఎంటర్, మ్యారీ కూడా డిస్కస్ జట్టే. లిజన్‌కు ‘టు’, వెయిట్‌కు ‘ఫర్’, డిపెండ్‌కు ‘ఆన్’. క్రియతో కలిపి ఒకే మాటగా రాసుకున్నాకే మాకు పట్టుబడ్డాయి.

ఒక్కచోట మాత్రం అర్థమే మారుతుంది, ఫారాల దగ్గర. ‘బై 31’ అంటే 31లోగా. ఆ రోజున ఇచ్చినా చెల్లుతుంది. తమ్ముళ్ళూ, ‘బిఫోర్ 31’ అని ఉంటే 30నే ఇచ్చేయండి.