ఒక్క ఓటుతో కుర్చీ దిగిన పెద్దాయన పేరే ఈ బ్యారేజీకి

విజయవాడ వెళ్లినవాళ్లు ప్రకాశం బ్యారేజీ దగ్గర ఒక సెల్ఫీ అయినా దిగుతారు. నేనూ చాలాసార్లు దిగాను. ఆ పేరు వెనకున్న కథ మాత్రం మొన్న తాతయ్య చెప్పేదాకా తెలీదు.

తాతయ్యకి కళ్ల పరీక్ష చేయించి, బాబాయి కారులో తిరిగి వెళ్తున్నాం. "బ్యారేజీ చూసి చాన్నాళ్లైందిరా" అన్నాడు తాతయ్య. సరే అని ఆగాం. ఎదురుగా కొండ మీద దుర్గమ్మ గుడి, కింద నిండుగా కృష్ణమ్మ. తాతయ్య గేట్లు చూస్తుంటే నేను ఫోన్లో రీల్స్ చూస్తున్నా. ఎవరో దేశంలో సమస్యలన్నీ ఏకరువు పెడుతున్నాడు.

"ప్రధానమంత్రి తల్చుకుంటే ఇవన్నీ ఒక్క రోజులో అయిపోవా తాతయ్యా?" అన్నా.

ఆయన గేట్ల వైపు చెయ్యి చూపించాడు. "మొత్తం 70 గేట్లు. ఎత్తేదీ దించేదీ ఇక్కడివాళ్లే. కానీ పైనుంచి నీళ్లు రాకపోతే ఎత్తి ఏం లాభం? ప్రధానమంత్రికి ఆ నీళ్లు లోక్‌సభలో మెజారిటీరా."

నిజమే. మనం ప్రధానికి నేరుగా ఓటెయ్యం, మన ఎంపీకి వేస్తాం. లోక్‌సభలో ఎక్కువమంది మద్దతున్న నాయకుణ్ని రాష్ట్రపతి ప్రధానిగా నియమిస్తారు. అక్కణ్నుంచి ఆయన చేతిలో ఉండే పవర్ చిన్నదేం కాదు. మంత్రులెవరో, ఎవరికే శాఖో తేల్చేది ఆయనే. కేబినెట్‌ని నడిపేదీ ఆయనే. ఆయన రాజీనామా చేస్తే మంత్రివర్గం మొత్తం పోయినట్టే. కానీ లోక్‌సభ 'నమ్మకం లేదు' అంటే ఆయనా దిగిపోవాల్సిందే. రాష్ట్రంలో ముఖ్యమంత్రికీ, అసెంబ్లీకీ ఇదే లెక్క.

"ఈ ప్రకాశం పంతులుగారే అందుకు సాక్ష్యం" అన్నాడు తాతయ్య.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే టంగుటూరి ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. పాత ఆనకట్ట 1952లో తెగిపోవడంతో, ఆయన హయాంలోనే 1954 ఫిబ్రవరిలో ఈ బ్యారేజీకి శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది నవంబరులో మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. బ్యారేజీ 1957లో పూర్తయింది, ఆయన పోయిందీ ఆ ఏడాదే.

ఢిల్లీలోనూ ఇలాగే జరిగింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. మన పీవీ నరసింహారావుకి 1991లో సొంతంగా మెజారిటీయే లేదు. 1993లో అవిశ్వాసం పెడితే 265-251తో గట్టెక్కారు.

బందరు రోడ్డు పట్టి, కంకిపాడు దాటి, ఉయ్యూరులో చెరుకు రసం కోసం ఆగాం. మాది పామర్రు దగ్గర పల్లెటూరు. పక్కనే నిమ్మకూరు, ఎన్టీఆర్ పుట్టిన ఊరు. అక్కడ తాతయ్య 1984 ఎత్తాడు.

ఆ ఆగస్టు 16న ఎన్టీఆర్‌కి మెజారిటీ పోయిందంటూ గవర్నర్ ఆయన్ని తీసేశారు. సభలో లెక్క తేల్చకుండానే! ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్‌కే వెళ్లారు. రాష్ట్రమంతా రోడ్డెక్కింది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న మళ్లీ ఆయనే ముఖ్యమంత్రి. మెజారిటీ ఎవరికుందో తేలాల్సింది సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

"మరి నీ లెక్కేంట్రా?" అన్నాడు తాతయ్య, గ్లాసు పక్కన పెడుతూ.

అర్థమైంది. 2024 మే 13న అసెంబ్లీకీ, లోక్‌సభకీ ఒకే రోజు పోలింగ్. హైదరాబాద్ నుంచి జనం బస్సుల్లో నిలబడి మరీ వచ్చారు. తాతయ్య ఆటోలో వెళ్లి ఓటేశాడు. నేను రాలేదు. బస్సు టికెట్ దొరకలేదని చెప్పా.

రిజల్ట్స్ వచ్చాక చూస్తే, మెజారిటీకి 272 కావాలి, బీజేపీకి వచ్చినవి 240. మిగతావి మిత్రపక్షాలవి. అందులో తెలుగుదేశం 16, జనసేన 2. ఆ రెండింటిలో ఒకటి మా బందరు సీటే. అంటే ఢిల్లీలో ప్రధాని కుర్చీకి ఆసరాగా నిలిచిన సీట్లలో మాదీ ఉంది. నేను ఎవరికి వేసేవాణ్నో వేరే సంగతి. ఆ లెక్కలో నేను మాత్రం లేను.

కారు కదిలాక నెమ్మదిగా చెప్పేశా. "టికెట్ దొరకలేదన్నది అబద్ధం తాతయ్యా. అసలు వెతకనేలేదు."

తాతయ్య కాసేపు కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాడు.

"తెలుసులేరా" అన్నాడు చివరికి. "ఈసారి ఎలక్షన్‌కి ముందే ఫోన్ చెయ్యి. టికెట్ డబ్బులు నేనిస్తా."