మస్టర్ లేని కొలువు

"పని మీద మనసు నిలుస్తలేదు సార్" అంటూ వచ్చే పిల్లలు పదేళ్ల కింద నాకు కనిపించేవాళ్లు కాదు. మాది జనగామ. మహబూబాబాద్, భూపాలపల్లిలలో వారానికో రోజు రోగులను చూస్తాను. మిర్చి ఏరి నడుం పట్టేసినవాళ్ల మధ్య, బొగ్గు దుమ్ముకు దగ్గేవాళ్ల మధ్య ఇప్పుడు ల్యాప్‌టాప్ బ్యాగుతో వరుసలో కూర్చునేవాళ్లున్నారు. ఏ కంపెనీలోనూ చేరకుండా ఇంట్లోనే సొంతంగా యాప్‌లు చేసుకునేవాళ్లు. పైన అడిగేవాడు లేడు, జీతం తేదీ లేదు. వాళ్ల బాధ మొదట్లో నాకు అర్థం కాలేదు.

జనగామ కుర్రాడొకడు నిద్ర పట్టడం లేదని వచ్చాడు. బీ12 ఇంజెక్షన్ రాసి, "వయసులో ఉన్నవాడివి, గట్టిగా కష్టపడు" అని పంపించాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆరు వారాలకు వాళ్లమ్మ తీసుకొచ్చింది. "బువ్వ తింటలేడు సార్. రాత్రంతా ఫోన్ల అంకెలు చూసుకుంట కూసుంటడు."

పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే ఆట చేశాడతను. దాన్ని ఎందరు డౌన్‌లోడ్ చేసుకున్నారో అర్ధరాత్రి లేచి చూసుకునేవాడు. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు ఈసారి అన్నీ అడిగాను. ఎనిమిదింటికి గబగబా చెప్పాడు. చనిపోతే బాగుండుననిపించిందా అన్న తొమ్మిదో ప్రశ్న దగ్గర గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజే హన్మకొండలో మానసిక వైద్యుడి దగ్గరకు పంపాను. టెలీ మానస్ నంబరు 14416 తల్లి ఫోన్లో నేనే సేవ్ చేశాను.

మూడు నెలల తర్వాత వచ్చి, ఆటలో వాడిన ఫాంటు గురించి చెప్పాడు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన పోతన2000. "మా బమ్మెర పోతన పేరు సార్!" వాళ్ల అమ్మమ్మది బమ్మెర ఉన్న పాలకుర్తి మండలమేనట. తన పని గురించి అతను అంకెల ఊసు లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

మహబూబాబాద్ అమ్మాయిది వేరే కథ. ఏకాగ్రత కుదరడం లేదని రోజూ రాత్రి స్ఫూర్తి ప్రసంగాలు వింటూ, తనను తానే బద్ధకస్తురాలినని తిట్టుకుంటోంది. నా దగ్గరకు వచ్చింది మాత్రం జుట్టు రాలుతోందని. టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంది, హిమోగ్లోబిన్ 8. పొద్దున పరగడుపున థైరాయిడ్ మాత్ర, నాలుగు గంటలు ఆగి ఐరన్ మాత్ర. రెండు నెలలకు ప్రసంగాల అవసరం తీరిపోయింది. తనలో లోపముందని అన్నాళ్లు నమ్మింది పాపం. ఒంట్లో నెత్తురు లేనప్పుడు మనసును తిట్టి ఏం లాభం?

భూపాలపల్లి అబ్బాయి తన జబ్బు పేరు తనే చెప్పాడు, బర్నౌట్ అని. పరీక్షలన్నీ బాగున్నాయి. కుంగుబాటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11లో బర్నౌట్‌ను జబ్బుగా కాదు, పనితో ముడిపడిన పరిస్థితిగా చెప్పారు. మందు రాయడానికి ఏమీ లేదు. రోజు ఎలా గడుస్తుందని అడిగితే చెప్పలేకపోయాడు. లేచింది మొదలు పడుకునేదాకా పనే, తీరా చూస్తే అయిన పని లేదు.

పక్కనే నిలబడ్డ తండ్రి కేటీకే బొగ్గు గనుల్లో పనిచేస్తాడు. ఆయన అందుకున్నాడు. "మాకు మస్టర్ల హాజరు పడ్డంకనే పని సార్. దిగేటప్పుడు క్యాప్ ల్యాంప్ తీసుకుంటం, పైకొచ్చినంక తిరిగిస్తం. ల్యాంప్ రాలేదంటే మనిషి లోపల్నే ఉన్నడని లెక్క. వీడు ల్యాంపే తిరిగిస్తలేడు."

ఇన్నేళ్ల నా ప్రాక్టీసులో ఇంత కచ్చితమైన నిర్ధారణ ఏ డాక్టరు నోటా వినలేదు. ఆయన మాటనే చీటీ మీద రాశాను. పొద్దున తొమ్మిదింటికి నోటుబుక్కులో సంతకం, ఆ రోజు చేయబోయే ఒక్క పని. సాయంత్రం ఆరింటికి ల్యాప్‌టాప్ తండ్రి చేతికి. అది బీరువాలోకి.

నెలన్నర తర్వాత ఆ నోటుబుక్కు పట్టుకొచ్చారు. కొన్ని రోజుల పని కొట్టేసి ఉంది, కొన్ని రోజులది మర్నాటికి జరిగింది. ఆదివారాల గడుల్లో కొడుకు సంతకం లేదు. అక్కడ తండ్రి చేతిరాతతో, వంకరటింకర అక్షరాల్లో, గనుల్లో వారపు సెలవుకు వాడే ఒకటే మాట: ప్లేడే.