తాళపుచెవి

శనివారము రాత్రి పదునొకండు గంటలు దాటినపిదప జూబిలీహిల్స్ చెక్‌పోస్టు ప్రాంతమున పోలీసువారు దారి కడ్డముగా ఇనుపకంచెలు నిలిపి, వచ్చిన వాహనముల నాపి, నడుపువాని నోటికడ చిన్న గొట్టము పెట్టి ఊదుమందురు. నూరు మిల్లీలీటర్ల రక్తమున మద్యము 30 మిల్లీగ్రాములు మించినచో బండి అచ్చటనే నిలిచిపోవును. నిరుడు వేసవిలో అట్లు నిలిచిపోయిన బండ్లలో మా మేనల్లుని మోటారుసైకిలు నొకటి.

అతడు ఫిల్మ్‌నగరులో ఒక దర్శకునికడ సహాయకుడు. పని ముగిసినవేళ మిత్రులు పిలిచిరి, పోయెను, త్రాగెను, బండి యెక్కెను. "ఎవరికీ ఏమీ కాలేదు గదా, మామయ్యా" యనుటయే అతని సమాధానము. ఏమియు కాకపోవుట తన నేర్పని అతడు నమ్మినట్లు తోచెను. 2016 జూలై 1వ తేదీన, ఆ చెక్‌పోస్టునకు కొలది దూరమున నున్న పంజగుట్టలో, త్రాగిన విద్యార్థుల కారు నడుమగోడను దాటి యెగిరి ఎదుటి కారుపై పడెను. బడినుండి ఇంటికి పోవుచున్న చిన్నపిల్లయు, ఆమె పినతండ్రియు, తాతయు ఆ దెబ్బకు బలియైరి. ఆ విద్యార్థులును అంతకుముందు క్షణమువరకు ఏమియు కాలేదనియే యనుకొని యుందురు.

మన నగరమున పట్టుబడినవారు న్యాయస్థానమునకు పోకముందు ట్రాఫిక్ శిక్షణసంస్థలో హితబోధ వినవలెను. ఇంటివా రొకరు వెంట నుండవలెను. మేనల్లునికి తండ్రి లేడు గనుక మా చెల్లెలును మేమును పోయితిమి. ఆ గదిలో చూచినది మాకు నేటికిని మరపునకు రాదు. తెరపై ప్రమాదముల దృశ్యములు చూపుచుండగా తప్పుచేసిన మగవారు నేల చూచుచుండిరి. తప్పుచేయని తల్లులును భార్యలును తెర చూచుచుండిరి. మా ముందు వరుసలో చంటిబిడ్డ నెత్తుకొన్న యొక యిల్లాలు లేచి, "తాళం దాచిపెడితే ఇంకోటి చేయించుకున్నడు సార్" అనెను. కొందరు నవ్విరి. ఆమె మాత్రము నవ్వలేదు, కూర్చుండను లేదు. ఇక నేమి చేయవలెనో చెప్పుమన్నట్లు నిలుచుండెను.

శిక్ష లేదనుటకు వీలులేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము మొదటి తప్పునకే ఆరునెలలవరకు కారాగారమో, జుల్మానాయో, రెండునో పడవచ్చును. 2,000 రూపాయలుగా నున్న జుల్మానాను 2019 సవరణ 10,000 చేసెను. మరల పట్టుబడినచో రెండేండ్లవరకు చెర, 15,000 జుల్మానా. కాని ఈ సొమ్ము ఎవరిదో విచారించినవారు అరుదు. మా మేనల్లుని జుల్మానాను మా చెల్లెలు చీటీపాట డబ్బులోనుండి కట్టెను. ఆ డబ్బు కూతురి కళాశాల రుసుమునకై దాచినది. త్రాగినవా డొకడు, శిక్ష ననుభవించినది వేరొకతె.

సముద్రముల కావల మరియొక పద్ధతి కలదు. మన తెలుగువా రెందరో కాపురముండు న్యూజెర్సీ రాష్ట్రమున 2019 డిసెంబరు 1నుండి, మొదటిసారి పట్టుబడినవాడును కొంత మోతాదు మించినచో తన కారునకు ఒక యంత్రము నమర్చుకొనవలసి యున్నది. దానిలో ఊదినగాని కారు కదలదు; మద్యపు జాడ తగిలెనా, అసలే కదలదు. నడుమ దారిలోను మరల మరల ఊదుమని యడుగును. దాని ఖర్చు సాధారణముగా వాహనదారునిదే. న్యూమెక్సికో రాష్ట్రమైతే 2005లోనే మొదటి తప్పువారికందరికిని దీనిని విధించెను. దీనినిగూర్చి చదివినప్పుడు మాకు ఆ చంటిబిడ్డ తల్లి జ్ఞప్తికి వచ్చెను. ఆమె దాచిన తాళపుచెవికిని ఈ యంత్రమునకును భేద మేమి? యంత్రమునకు మారుతాళము చేయించుట కష్టము, అంతియే.

ఇట్టి యాలోచన మనకు క్రొత్తదియు కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు త్రాగిన మగలను దండింపుమని కోరలేదు, సారా దుకాణమునే మూయించిరి. ఆ యలజడివలననే 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. రెండేండ్లకు అది సడలిపోయినది వేరు కథ.

అయినను ఆ యంత్రమును రేపే మన దారులపైకి తెమ్మని మేము చెప్పజాలము. ఇచ్చట పట్టుబడువారిలో పెక్కండ్రు ద్విచక్రవాహనములవారు. కారుగలవానికి తగినది మోటారుసైకిలువానికి తగదు, దాని వెలయు వాడు భరింపజాలడు. సంపన్నునికి జీతగా డగు డ్రైవరు కలడు. చెక్‌పోస్టుకడ మెట్రో స్టేషనున్నది గాని, కడపటి బండి పోవు వేళకు పబ్బులలో జనము ఇంకను నిండియే యుందురు. మద్యము పోయుటకు అర్ధరాత్రి దాటువరకు అనుమతి నిచ్చు ప్రభుత్వము ఇల్లు చేరుటకు బండిని అంతవరకు నడుపరాదా?

ఇక సినిమావారి మాట. త్రాగకున్న కళ రాదని మా మేనల్లుని మిత్రు డొకడు మాతో వాదించెను. 1953 నాటి 'దేవదాసు'లో అక్కినేని నాగేశ్వరరావుగారు తెలుగుతెరకు మరపురాని త్రాగుబోతు నిచ్చిరి గదా. ఆ మత్తుకన్నులకై వారు రాత్రివేళ కడుపార పెరుగన్నము తిని నటించిరని చెప్పుదురు. ఈ మాట చెప్పితిమి. అతడు ఊరకుండెను. నమ్మెనో, పెరుగన్నముపై కోరిక పుట్టెనో!

అనుమతిపత్రము తిరిగి వచ్చినపిదప మా చెల్లెలు బండి తాళములు రెండింటిని కొంగున ముడివేసికొని తిరుగుచున్నది. మొన్నటి శనివారము సాయంకాలము అతడు చేయి చాచెను, ఆమె, "త్రాగకుండ వచ్చెదవా?" యని యడిగెను. అతడు చెప్పలేక, చెప్పులు తొడిగికొని స్టేషనునకు నడిచిపోయెను. తెల్లవారుజామున ఆటో దిగి, కిరాయి రెట్టింపు తీసికొనెనని వాడు వీధిలో చేయు రచ్చకు మేము మేల్కొంటిమి. చెల్లెలు అదివరకే వాకిట నుండెను. కొంగుముడి చేతిలోనే యున్నది.