కొండ గ్రామములో ఒక శనివారము



మన సంఘములలోని యౌవనస్థులు కొందరు నేపాలు కొండలలో సువార్త పనికై వెళ్లగోరి నన్ను సలహా అడుగుచున్నారు. నేను 2018 నవంబరు మాసములో 12 దినములు ఆ కొండలలో కాలినడకను తిరిగితిని. ఎవరును నన్ను పంపలేదు, జీతమును లేదు. సెలవు పెట్టుకొని, నా ఖర్చులు నేనే భరించుకొని వెళ్లితిని. అచ్చట నేను చేసిన తప్పును, నేర్చుకొనిన పాఠమును దాచక వ్రాయుచున్నాను.

విజయవాడలో రైలెక్కి గోరఖ్‌పూరులో దిగి, సునౌలీ యొద్ద సరిహద్దు దాటితిని. భారతీయులకు అచ్చట వీసా అక్కరలేదు. బస్సులో మలేఖు వరకు పోయి, అచ్చటనుండి ధాదింగ్ బేసి అను ఊరు చేరితిని. ఆ జిల్లా ఉత్తర భాగమున తామాంగు జనులు నివసించుచున్నారు. జీపుదారి ముగిసిన పిమ్మట రెండు దినముల నడక. దారి యనగా రాతిమెట్లే. ఎదుటి కొండమీది గ్రామము పిలిచిన పలుకునంత దగ్గరగా తోచును. అయినను లోయలోనికి దిగి, వ్రేలాడు వంతెన దాటి, మరల ఎక్కునప్పటికి ప్రొద్దు గూకును.

నా సంచిలో నేపాలీ భాషలో అచ్చువేసిన కరపత్రములు 500 ఉండెను. మొదటి దినముననే నా మోకాలు వాచెను. నన్ను పిలుచుకొని పోవుటకు సంఘపెద్ద తన కుమార్తెను పంపియుండెను. ఇరువది యేండ్ల ఆ చిన్నది నా సంచిని తన వెదురుబుట్టలో వేసికొని, బుట్టకు కట్టిన పట్టీని నుదుటికి తగిలించుకొని, మేకపిల్లవలె ముందు నడిచెను. నేను కర్ర పట్టుకొని కుంటుచు వెనుక నడిచితిని. పండ్రెండుగురిని పంపునప్పుడు ప్రభువు చేతికఱ్ఱను మాత్రము ఉంచుకొనుమని, సంచి వద్దని చెప్పెనని మార్కు సువార్త ఆరవ అధ్యాయమునుండి ఎన్నిసార్లు బోధించియుంటినో! ఆ దినమున నా సంచిని మోసినది వేరొకరు.

ఆ గ్రామము పేరు వ్రాయను. కారణము చదువుచుండగా మీకే తెలియును.

సంఘపెద్ద నాకంటె పది యేండ్లు పెద్దవాడు. యౌవనమున ఢిల్లీలో కావలివాడుగా పనిచేసెను గనుక హిందీలో మాటలాడుకొంటిమి. అచ్చట అన్నను "దాయి" అందురు. నేనును ఆయనను అట్లే పిలిచితిని. ఆ రాత్రి ఢిండో అను ముద్దయు, ఆకుకూర పులుసును పెట్టిరి. అది అచ్చముగా మన సంకటివంటిది. భోజనమైన పిమ్మట నేను కరపత్రములు తీసి, "దాయీ, రేపు రావిచెట్టు క్రింది అరుగుమీద బహిరంగ కూటము పెట్టుదము. ఇంటింటికి ఇవి పంచుదము" అని చెప్పితిని.

ఆయన కొంతసేపు ఊరకుండి, "పాస్టరుజీ, ఆ కాగితములు సంచిలోనే యుండనీయుడి. మా యింటిలో కూర్చుండి మాకు బోధించుడి" అనెను.

ఇతరులను మతము మార్చుటను నేపాలు రాజ్యాంగము 2015లో నిషేధించెను. 2018 ఆగస్టులో అమలులోనికి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారము ఆ నేరమునకు 5 సంవత్సరముల వరకు ఖైదును, 50,000 రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. ఇది నాకు తెలియును. తెలిసియు ఆ రాత్రి నిద్రపట్టక, "ఇంతదూరము వచ్చినది నోరు మూసికొనుటకా? ఇతనికి భయము" అని నా హృదయములో తీర్పు తీర్చితిని. నిజము చెప్పవలెనన్న, తిరిగి వెళ్లి మా సంఘములో రిపోర్టు ఏమని చదువుదునన్న చింతయే నాకు ఎక్కువగా నుండెను.

మరునాడు శనివారము. ఆ దేశమున సెలవుదినము శనివారము గనుక సంఘములు ఆ దినముననే ఆరాధించును. రేకుల కప్పు వేసిన గదిలో, చెప్పులు బయట విడిచి, పురుషులొక ప్రక్కను స్త్రీలొక ప్రక్కను నేలమీద కూర్చుండిరి. ఇంచుమించు నలువది మంది. మన పల్లె మందిరమునకు వచ్చినట్లే యుండెను. ఆరాధన ముగిసి అందరును వెళ్లిన పిమ్మట, దాయి ఒక పాత నోటుపుస్తకము తెచ్చెను. బోధకుడెవరైనను వచ్చినప్పుడు అడుగుటకై వ్రాసిపెట్టుకొనిన ప్రశ్నలు అందులో నుండెను. మొదటి ప్రశ్న ఇది.

2015 ఏప్రిల్ 25 శనివారము. పగలు పండ్రెండు గంటలకు నాలుగు నిమిషముల ముందు నేపాలులో గొప్ప భూకంపము కలిగెను. దాదాపు 9,000 మంది మరణించిరి. అది ఆరాధన వేళ గనుక కొండ గ్రామములలో అనేక మందిరముల రాతిగోడలు విశ్వాసులపై కూలెను. ఈ గ్రామములో ఆరుగురు పోయిరి. వారిలో దాయి భార్య ఒకతె.

"ఆ దినము ఆరాధన మాని పొలమునకు పోయినవారు బ్రదికిరి. వచ్చినవారు చనిపోయిరి. ఇంటింటికి పోయి రమ్మని పిలిచినవాడను నేనే. వారి బిడ్డలకు నేనేమి చెప్పవలెను?"

వేదాంత పాఠశాలలో యోబు గ్రంథమును చదివి పరీక్ష వ్రాసినవాడను. నా నోట మాట రాలేదు. చాలసేపటికి లూకా సువార్త పదమూడవ అధ్యాయము తీసి, సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిన సంగతి చెప్పితిని. వారు ఇతరులకంటె పాపులు కారని ప్రభువు చెప్పెను. అందరును మారుమనస్సు పొందవలెననియు చెప్పెను.

"గోపురము ఎందుకు కూలెనో ఆయన చెప్పెనా?"

"చెప్పలేదు, దాయీ."

ఆయన ఆ వచనముల సంఖ్యను మెల్లగా వ్రాసికొని, "అట్లయిన నేనును చెప్పనక్కరలేదు. మూడేండ్లుగా ఏదో ఒక కారణము కల్పించవలెనేమో అని భయపడుచుంటిని" అనెను. ఇద్దరమును ఏడ్చితిమి.

పిమ్మట ఆయన ఇట్లనెను: "గోడ కూలినప్పుడు మొదట పరుగెత్తివచ్చి రాళ్లు తీసినది లామా కుమారులు. వారు బౌద్ధులు. నా భార్య దేహమును బయటికి మోసినది వారే. నేనేమి నమ్ముదునో వారికి తెలియును, ప్రతిదినము నన్ను చూచుచున్నారు. అడిగినప్పుడు చెప్పుచున్నాను. మీరు నాలుగు దినములలో దిగిపోవుదురు. మీ కాగితములకు వారి యెదుటను, పోలీసుల యెదుటను నిలువవలసినవారము మేము."

ఆయనకు భయమని తలంచితిని. నిజమునకు ఆయన తన పొరుగువారిని ప్రేమించుచుండెను. ఆ రాత్రి ప్రభువు నొద్దను, ఉదయమున దాయి యొద్దను క్షమాపణ వేడుకొంటిని. మిగిలిన దినములు ఆయన నోటుపుస్తకము ముందు పెట్టుకొని లేఖనములు చదువుకొంటిమి. కరపత్రములు ఎట్లు ఎక్కెనో అట్లే దిగెను.

వెళ్లగోరు యౌవనస్థులారా, మీ ఆసక్తిని ఆర్పుట నా యుద్దేశము కాదు. మనమును ఇట్టి పాదముల వలన మేలు పొందినవారమే. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించిన మిషనరీ సంఘము తన పనివారిని డోర్నకలు ప్రాంతమునకు పంపెను. అజరయ్య గారు తాను తమిళ దేశస్థుడై యుండియు తెలుగు నేర్చుకొని మన పల్లెలలో తిరిగెను. అట్లే మీరును మొదట భాష నేర్చుకొనుడి. పిలిచినవారి యొద్దకే వెళ్లుడి. పెట్టినది భుజించుడి. మీకు ముందే అచ్చట ప్రభువు పనిచేయుచున్నాడని మరువకుడి. నేపాలీ సంపూర్ణ బైబిలు 1914లో వెలువడెను. దానికై శ్రమించిన గంగాప్రసాద్ ప్రధాన్ గారు ఆ జాతివాడే. అన్నిటికంటె ముఖ్యముగా, మీరు దిగివచ్చిన పిమ్మట అచ్చట మిగులువారు ఎవరని అడిగి, వారు చెప్పినట్లు చేయుడి.

సెలవు తీసికొనునప్పుడు దాయి యేమియు కోరలేదు. చనిపోయిన ఆరుగురి పేర్లను మాత్రము నా బైబిలు వెనుక కాగితముమీద తన చేతితో వ్రాసెను. ప్రతి యేట ఏప్రిల్ 25న మా సంఘము వారి బిడ్డల కొరకు ప్రార్థించుచున్నది. పేర్లు మేము సరిగా పలుకలేము. ప్రభువునకు అవి తెలియును.

మీరును ఆ దినమున మాతో ఏకీభవించుడి. ఆమేన్.