రికార్డింగు నడుమనే తెగుట యేల?

పిల్లలు కంప్యూటరుపై ఆటలాడుటయేకాక, తెరమీద జరిగినదానిని జరిగినట్లే వీడియోగా రికార్డు చేసికొనుటయు నేడు మన యిండ్లలో సామాన్యమైనది. రెండు గంటలు సాగిన ఆట రికార్డులో అరగంటకో ముప్పావుగంటకో తెగిపోయినదని వారు మొరపెట్టుకొనుటయు సామాన్యమే. "ఆటయే గదా, పోనిమ్ము" అని పెద్దలందురు. ఆ తెగిన భాగములో నేమి పోయినదో అడుగువారు అరుదు.

మా యింట పోయినది మా అత్తగారి మాట. ఆమెకు 82 ఏండ్లు. ఆమె పుట్టినయూరు కర్నూలు జిల్లాలో కృష్ణయొడ్డున నుండెడిది. శ్రీశైలము ఆనకట్ట వెనుక నీరు నిలువగా 1981లో అది మునిగిపోయినది. ఆ యూరి ఛాయాచిత్ర మొక్కటియు మాకడ లేదు. తొమ్మిదవ తరగతి చదువు మా పెద్దమ్మాయి ఆ యూరిని మైన్‌క్రాఫ్టులో కట్టబూనినది. దిమ్మెలు పేర్చి యిండ్లును వీధులును కట్టుకొను ఆట యది. అవ్వ ప్రక్కన కూర్చుండి చెప్పుచుండును, మనుమరాలు కట్టుచుండును. "గవాచి ఆడ గాదే, పొయ్యి మీదికి రావల్ల" అని యామె దిద్దును. పశువుల గాడి యెటుండెనో, పుట్టి యెక్కి యేటి నెట్లు దాటెడివారో, ఏ యింట నెవరుండిరో, అంతయు తెరతోపాటు ఆమె గొంతుకతోనే రికార్డగుచుండెను. ఏ దినమున చూచినను ఆ కథనములో సగమునకు మించి లేదు.

కారణములు చెప్పువారికి మాత్రము కొదువ లేదు. యంత్రము వేడెక్కినదని మావారనిరి. ఉచితముగా వచ్చు సాఫ్ట్‌వేరు డబ్బు కట్టువరకు కొంతసేపే పనిచేయునని మా మరిది యనెను. అట్టివి కొన్ని కలవు గాని, మాది అట్టిది కాదు. దుకాణములోనివాడు క్రొత్త కంప్యూటరు కొనుమనెను. వాని కారణము మనకు తెలిసినదే. పిల్లయే మీట నొక్కి యాపినదని యొకరనగా అది రెండు దినములు అవ్వదగ్గర కూర్చుండనే లేదు.

పాలపద్దు వ్రాసినట్లు నేనొక కాగితముపై ఆరు వీడియోల నిడివియు పరిమాణమును ప్రక్కప్రక్కన వ్రాసితిని. నిడివి యొకదానికి 36 నిమిషములు, ఒకదానికి 41, ఒకదానికి 57. పరిమాణము మాత్రము ఆరింటికిని ఒక్కటే: 4 జీబీలకు వెంట్రుకవాసి తక్కువ. 57 నిమిషములు వచ్చిననాడు వారిరువురు ఊరిబావి యెదుట కదలక మాటలాడుచు కూర్చుండిరి. తెరపై బొమ్మ మారనపుడు వ్రాయవలసిన సమాచారము తక్కువ గనుక నిడివి యెక్కువ వచ్చినది. అనగా ఆ రికార్డును తెంచునది గడియారము కాదు, కొలపాత్ర.

ఆ పాత్ర యేదన, మేము వీడియోలు దాచు పెన్‌డ్రైవు. అది ఫ్యాట్-32 అను పద్ధతిలో ఏర్పరుపబడినది. 1996లో విండోస్-95 తోడి కూర్పులలో వచ్చిన పద్ధతి యది. అందు ఒక్కొక్క ఫైలు పరిమాణమును వ్రాయుటకు 32 గళ్లే కలవు. గడికి సున్నయో ఒకటియో పట్టును. పద్దుపుస్తకములో ఆరు గళ్లే యున్నచో 9,99,999కి మించి వ్రాయలేము గదా! అట్లే యిందు 4,29,49,67,295 బైట్లకు మించి ఫైలు పెరుగదు. డ్రైవులో నింకెంత చోటున్నను ప్రయోజనము లేదు. సెకనుకు 16 మెగాబిట్ల చొప్పున వ్రాసినచో ఇది సుమారు 36 నిమిషములకు నిండును. 8 చొప్పున నైనచో 71 నిమిషములకు.

చికిత్స సులభము. డ్రైవులోనివన్నియు ముందుగా వేరొకచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాటు చేయవలెను. ఫార్మాటు చేసినచో నున్నదంతయు తుడిచిపెట్టుకొని పోవును గాన దాచుట మరువరాదు. లేదా కంప్యూటరులోని డిస్కుపైననే రికార్డు చేసికొనవచ్చును. నేటి విండోసు యంత్రములలో అది సాధారణముగా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో నుండును, దానికీ హద్దు లేదు.

పరిమాణములు వేరై, నిడివి ప్రతిసారి ఒక్కటే యైనచో అది వేరు వ్యాధి. విండోసులోని గేమ్ బార్ ఎవరును మార్చకున్నచో రెండు గంటలకు ఆగును. అమరికలలో నాలుగు గంటలవరకు పెంచవచ్చును. ప్లేస్టేషన్-4 మొదట 15 నిమిషములే దాచును, గంటకు మించి యెట్లును దాచదు.

కరెంటు పోయినపుడు వీడియో యసలే తెరచుకొనకపోవుట మరియొకటి. ఎంపీ4 ఫైలునకు విషయసూచిక సాధారణముగా కడపట వ్రాయబడును. అది వ్రాయకమునుపే యంత్ర మాగినచో లోపల గంటసేపటి బొమ్మ యున్నను చూపువా రుండరు. అందుచేత ఓబీఎస్ స్టూడియో వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో ఎంకేవీ రూపమున రికార్డు చేసి, పిదప అందులోనే ఎంపీ4గా మార్చుకొనుట మేలు. ఎంకేవీ నడుమ నాగినను అంతవరకు వచ్చినది సాధారణముగా దక్కును. ఫైలును తనంతట తానే ముక్కలుగా విడగొట్టు ఏర్పాటును ఓబీఎస్‌లో కలదు. మా అమ్మాయి అరగంట కొకటిగా పెట్టుకొన్నది.

పోయిన భాగములను అత్తగారు మరల చెప్పుచున్నారు. బావి కథ ఈసారి వేరుగా వచ్చినది, రెండును ఉంచితిమి. పడమటి వీధిలోని యిండ్లవారి పేర్లు మూడవనాడు వరుసగా చెప్పిరట. ఇప్పుడు నాలుగే జ్ఞప్తికి వచ్చినవి. మిగిలిన యిండ్లను అమ్మాయి తలుపులు మూసియే కట్టుచున్నది.