నచ్చని ఆసనానికి రెండు దుప్పట్లు

పుణే వెళ్ళిన మనవాళ్ళు శనివార్ వాడా, దగడూశేఠ్ గణపతి, వీలైతే సింహగఢ్ చూసుకుని తిరుగు రైలెక్కుతారు. శివాజీనగర్ దాపున మోడల్ కాలనీలో ఉన్న రమామణి అయ్యంగార్ స్మారక యోగ సంస్థను తలుచుకునేవారు తక్కువ. బి.కె.ఎస్. అయ్యంగార్ తన భార్య పేరిట 1975లో ప్రారంభించిన సంస్థ ఇది. ఆయన 1918లో కోలారు ప్రాంతపు బెళ్ళూరులో పుట్టి, మైసూరులో బావగారు కృష్ణమాచార్య వద్ద నేర్చుకుని, 1937లో పుణే వచ్చారు. 2014లో ఇక్కడే కన్నుమూశారు.

గోడలకు వేలాడే తాళ్ళు, మడత దుప్పట్లు, చెక్క ఇటుకలు, బెల్టులు, వీపు పలక తీసేసిన ఇనుప మడత కుర్చీలు. కొత్తవారికి యోగశాల కంటే షామియానా సామాన్ల కొట్టు గుర్తొస్తుంది!

ప్రతివారికీ ఒక గిట్టని ఆసనం ఉంటుంది. నాకది పశ్చిమోత్తానాసనం. కాళ్ళు చాపి, ముందుకు వంగి, బొటనవేళ్ళు పట్టుకోవాలి. పసిపిల్లలు నవ్వుతూ చేస్తారు. ముప్ఫై ఏళ్ళు బ్యాంకు కుర్చీలో కూర్చున్నవాడికి తొడల వెనక కండరాలు బిగిసిపోయి, నడుం గూనవుతుంది, మోకాళ్ళు లేస్తాయి, కళ్ళు గడియారం మీదికి పోతాయి. అందుకే ఇంట్లో చేసుకునేటప్పుడు ఇలాంటి ఆసనాన్ని సస్పెన్స్ ఖాతాలో పడేసి, వచ్చినవే మళ్ళీ మళ్ళీ చేస్తుంటాం.

పుణేలో పనిచేసిన రోజుల్లో ఈ పద్ధతి నేర్పే ఒక టీచరుగారి దగ్గరకు వెళ్ళేవాణ్ణి. ఆవిడ మొదట వంగమనలేదు. పిరుదుల కింద రెండు మడత దుప్పట్లు పెట్టించారు. దాంతో కటి ముందుకు వాలి, వెన్ను దానంతటదే నిలబడింది. పాదాలకు బెల్టు వేసి కొసలు పట్టుకోమన్నారు. కొన్ని వారాలకు కాళ్ళమీద గుండ్రటి దిండు పెట్టి నుదురు ఆనించమన్నారు. తల ఆనేసరికి ఊపిరి నెమ్మదించింది, గడియారం మరుపుకొచ్చింది. లాగడం పోలేదు. అయితే అది తొడల వెనకే ఉండాలి, నడుంలోకి రాకూడదు. వెన్నుపూసల డిస్కు జబ్బున్నవారు డాక్టరునడగందే ఈ ఆసనం జోలికి పోవద్దు.

"ఇంత సరంజామాతో చేసేదీ యోగాసనమేనా అండీ?" అన్నారు సోలాపూరు మిత్రుడొకరు. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ పీల్చేసిన ఆ అయ్యంగార్‌గారికే మొదట్లో ముందుకు వంగితే చేతులు మోకాళ్ళు దాటలేదని చెప్పాను. మిత్రుడు ఇంకేమీ అనలేదు, దుప్పటి ఎంత మందం ఉండాలని మాత్రం అడిగారు.

ఇప్పుడు నా వరసలో ఈ ఆసనానికి రోజూ చోటుంది. బొటనవేళ్ళు ఇంకా అందలేదు. బెల్టు మాత్రం జానెడు తగ్గింది. ఒక దుప్పటి తీసేశాను, రెండోది ఉంచుకున్నాను.